లక్క కన్నుల సింహం

లోహదుర్గం కోటవాకిట ఆ ఉదయం వచ్చి నిలబడ్డ శిల్పిని భటులు అడ్డు పెట్టకుండా లోపలికి వదిలారంటే అదంతా అతని మీసం మహిమ. కొనలు తిరిగిన అంత పెద్ద మీసం అంత లేత ముఖం మీదికి ఎలా వచ్చిందని వాళ్ళలో ఒక్కడైనా ఆలోచించి ఉంటే మన కథ అక్కడే ముగిసిపోయేది. అదృష్టం కొద్దీ ఆ కోటలో ఆలోచించే హక్కు ఒక్కడికే ఉంది. అతడు కరాళదత్తుడు. ఆ దేశానికి రాజూ అతడే, మాంత్రికుడూ అతడే.

మీసం వెనక ఉన్నది పాలవెల్లి రాజ్యపు ఆడపడుచు కేతకి. ఆమె వెనక ఉలుల సంచీ ఒక భుజాన, గుండ్రటి పెద్ద అద్దం మరో భుజాన మోస్తూ, అడుగడుక్కీ ఉస్సురంటూ వస్తున్నవాడు గండయ్య. పాలవెల్లి గజశాలలో మావటివాడు. ఏనుగుల మధ్య పెరిగినందువల్ల బలమూ ఆకలీ రెండూ అతనికి అక్కడే అలవడ్డాయి.

వీళ్ళిద్దరూ పులి నోట్లో తల పెట్టడానికి కారణం ఉంది. సంధి మాట్లాడుకుందాం రమ్మని కమ్మగా పిలిచి, విందు అయ్యాక చేయి కడుక్కుంటున్న పాలవెల్లి రాజు శశికేతుడి మీద చారెడు భస్మం చల్లాడు కరాళదత్తుడు. రాజు నిలుచున్నవాడు నిలుచున్నట్టే కొయ్యబొమ్మ అయిపోయాడు. ఆ శశికేతుడు కేతకికి అన్న. తల్లీ తండ్రీ పోయాక ఆమెకు అన్నం కలిపి పెట్టిందీ, కత్తి పట్టడం నేర్పిందీ, అలిగితే బతిమాలిందీ అతడే. ఈ లోకంలో ఆమెకు ఉన్నది అతడొక్కడు.

ఆ బొమ్మ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. ఇవాళ కరాళదత్తుడి విజయోత్సవం. మధ్యాహ్నపు సూర్యుడి వెలుగు విజయశాల పైకప్పులోని గవాక్షం గుండా దిగి బొమ్మ ముఖం మీద పడే వేళ, ఆ రెప్పల మీద శిల్పి ఉలితో కళ్ళు చెక్కాలి. చెక్కాడా, శశికేతుడు ఇక ఏనాటికీ మనిషి కాడు. ఆ కళ్ళ తొలిచూపు ఎవరి మీద పడితే వాళ్ళకి ఆ రాజు మిగిలిన ఆయుష్షంతా వచ్చి కలుస్తుందని కరాళదత్తుడి శాస్త్రం చెబుతోంది. అయితే ఆ పని మంత్రానికి లొంగదు, శిల్పి చేతికే లొంగుతుంది. అందుకని శరభాచారి అనే పేరుమోసిన శిల్పికి రాజముద్రతో ఉంగరం పంపించాడు.

శరభాచారి ముసలివాడు, మంచివాడు. బతికున్న మనిషి కంట్లో ఉలి పెట్టలేనని అడవి దారిన పారిపోతూ కేతకికి ఎదురుపడ్డాడు. ఆమె కథ విని, తన సంచీ, అద్దం, ఉంగరం అన్నీ ఆమె చేతిలో పెట్టాడు.

"అమ్మా, మా పనికి ఒక కట్టడి ఉంది" అన్నాడు. "కన్ను తెరిచే ముందు ఎదుట ఉన్నవాళ్ళని మూడుసార్లు హెచ్చరించాలి. తొలిచూపు నిప్పు. దేని మీద పడితే దాన్ని దహించేస్తుంది. అందుకే ఎదుట అద్దం పెడతాం. రెండో చూపు నుంచీ వెన్నెలే. శత్రువే కదా అని హెచ్చరించకుండా తెరిచావో, ఆ చూపు నీ మీదికే తిరుగుతుంది. మరిచిపోకు."

కేతకి మరిచిపోలేదు. కాని శత్రువుని హెచ్చరించి మరీ కొట్టడం ఎలాగో ఆమెకు ఇంకా తోచలేదు. అన్న బొమ్మ దగ్గరికి చేరితే ఏదో దారి దొరక్కపోదని గుండె చిక్కబట్టుకుని వచ్చేసింది.

విజయశాల గుమ్మానికి అటొకటీ ఇటొకటీ కొయ్య భటులు నిలబడి ఉన్నాయి. చేతుల్లో ఇనపకట్ల గదలు. వాటి ముందు అబద్ధమాడితే ఆ గద నెత్తి మీద పడుతుంది. ఎంతమంది మీద పడిందో చెప్పడానికి అక్కడి బండలన్నీ గుంటలు పడి ఉన్నాయి.

"ఎవరు, ఎందుకు వచ్చారు" అని కుడివైపు కొయ్యభటుడు కిర్రుమంటూ అడిగాడు.

"శరభాచారి పంపగా వచ్చాను. మూసుకుపోయిన కళ్ళు తెరిపించడానికి వచ్చాను" అంది కేతకి, గొంతు బొంగురు చేసి. అందులో అక్షరం అబద్ధం లేదు. గద కదల్లేదు.

"నీవెవరు" అన్నాడు ఎడమవైపు వాడు గండయ్యతో.

 గండయ్య దారి పొడుగునా వల్లించుకున్న పేరు కాస్తా నాలిక చివర కరిగిపోయింది. "నిన్న పొద్దుట్నుంచీ తిండి లేనోడిని బాబూ" అన్నాడు. "లోపల ఏమన్నా పెడతారేమోనని ఆశ."

అంతకన్నా పచ్చి నిజం ఆ గుమ్మం ముందు ఏనాడూ ఎవరూ పలికి ఉండరు. రెండు గదలూ పక్కకు తొలగి దారి ఇచ్చాయి.

లోపల అడుగు పెట్టగానే కేతకి ఆగిపోయింది. అది శాల కాదు, దోపిడీ పోయిన దేశాలన్నీ ఒకచోట చేరి మౌనంగా నిలబడ్డ సభ. ఎర్రచందనంలో చెక్కిన గరుడవాహనం రెక్కలు విప్పి ఉంది, ఒక్కొక్క ఈక మీదా ఒక్కొక్క లత. పనసకొయ్య నెమలి పింఛంలో ఒక్క కన్ను మరో కంటిలా లేదు. తేలికపాటి పొణికికొయ్యతో చేసి పసుపూ కుంకుమా రంగులద్దిన జాతర ముఖాలు గోడ నిండా వేలాడుతున్నాయి. ముందు కాళ్ళు లేపిన గుర్రాలు, మొసలినోటి పల్లకీ బొంగులు, దంతపు శంఖపీఠాలు, రథాల మీంచి పెరికి తెచ్చిన అప్సరసలు, పెళ్ళికూతుళ్ళు కూర్చున్న తామరపూల పీటలు. తరతరాల చేతులు తాకి, నూనె దీపాల పొగ పట్టి నునుపు తేలిన కొయ్యలవి. వాటి కాళ్ళ దగ్గర ఇప్పుడు పూలు లేవు. ఫలానా దేశం, ఫలానా యుద్ధంలో గెలిచింది అని రాగిరేకులు కొట్టి ఉన్నాయి.

కళ్ళున్న ప్రతి బొమ్మకూ ఆ కళ్ళ నిండా నల్లటి లక్క పోసి మూసేశారు.

"ప్రభువుల ఆజ్ఞ, ఆచార్లుగారూ" అంది పక్కనుంచి ఒక సన్నటి గొంతు. ఆయన వటుకభట్టు, శాలాధికారి. చేతిలో నెమలీకల కుంచె, భుజాన తడిగుడ్డ. "దేవుళ్ళు తమని చూడటం ఆయనకి గిట్టదు. తాము దేవుళ్ళని చూస్తారు, అంతే."

ఆయన వాళ్ళను వెంట తిప్పుతూ ఒక్కొక్క వస్తువు పుట్టుపూర్వోత్తరాలూ చెప్పసాగాడు. పాఠం అప్పజెప్పినట్టు గడగడా సాగిన ఆ గొంతు ఒక చిన్న జాతర ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆగింది. వెడల్పు నుదురు, చిరునవ్వు, పెదవి అంచున రంగు పెచ్చు లేచిన ముఖం.

"ఇది మా ఊరి ఏటితల్లి" అన్నాడు వటుకభట్టు నెమ్మదిగా. "ఈ శాలకి వచ్చేవాళ్ళకి నేనే చూపిస్తాను, దుమ్ము నేనే తుడుస్తాను. మొక్కడానికి మాత్రం వీల్లేదు నాయనా. మొక్కితే చేతులు తీసేస్తారు."

 గండయ్య అద్దాన్ని ఆయనకు అడ్డంగా పట్టి, "భట్టుగారూ, ఇటు గుమ్మంలోంచి ఎవరికీ కనపడరు. కానివ్వండి" అన్నాడు. ముసలాయన చటుక్కున చేతులు జోడించి, అంతే చటుక్కున దించుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంకో మలుపు తిరిగారు. అక్కడుంది సింహం.

పాలవెల్లి అమ్మవారి సింహవాహనం. మద్దికొయ్య సింహం, జూలు నిండా అగ్నిజ్వాలల చెక్కడం, తల కొంచెం కుడివైపుకు తిప్పి ఉంటుంది. ఊరేగింపులో కుడిపక్కన నడిచే రాజుని చూస్తూ నడుస్తున్నట్టు పూర్వులు అలా చెక్కారు. ఏటా ఉత్సవానికి ముందు ఆ సింహం కళ్ళకు రంగు దిద్దే హక్కు పాలవెల్లిలో శిల్పులది కాదు, అర్చకులది కాదు, రాజుగారింటి ఆడపడుచుది. సింహం కళ్ళ ముందు తెరలా గుడ్డ కట్టి, పాత రంగు తుడిచి, కొత్తగా దిద్ది, ఎదుట అద్దం పెట్టి గుడ్డ విప్పాలి. దిద్దే పిల్ల వెనకనుంచి, జూలు మీదుగా చెయ్యి చాచి దిద్దాలి. కేతకి పసితనం నుంచీ ఆ పని చేసింది. మొదటి ఏడు చెయ్యి వణికి ఎడమ కన్ను కాస్త పెద్దదయింది. "మన సింహం ఒక కంటితో నన్ను, ఒక కంటితో అరిసెల పళ్ళేన్ని చూస్తోంది" అని అన్న ఊరంతా విని నవ్వేలా ఆటపట్టించాడు. ఏడ్చి ఆమె ఆ పూటంతా అన్నం ముట్టలేదు. తర్వాత ఏటేటా ఆ కన్నుని సరిచేయబోయినా అతడే చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

ఇప్పుడు ఆ రెండు కళ్ళలోనూ లక్క. కేతకి దగ్గరికి వెళ్ళి జూలు నిమిరింది. ఎంత ఏడుపు వచ్చిందో అంత కోపం వచ్చింది. ఆ కోపంలోంచే దారి కనిపించింది.

"భట్టుగారూ, పాలవెల్లి రాజు బొమ్మ ఎక్కడ పెడుతున్నారు?"

"నడిమధ్య మంటపంలో, ఒంటరిగా."

"ఒంటరిగా పెడితే ఎవరనుకుంటారు? ఎవడో దీపం పట్టుకునే బంటు అనుకుంటారు. సింహాన్ని కూడా మంటపంలోకి జరిపించండి. రాజు బొమ్మ సింహానికి కుడిపక్కన, ఒక అడుగు వెనకగా ఉండాలి. పాలవెల్లి ఊరేగింపులో అదీ వరస. వచ్చిన రాయబారులకి గెలిచింది ఏమిటో చూడగానే తెలియాలి కదా."

వటుకభట్టు ఆమె వంక ఓ క్షణం చూశాడు. పాలవెల్లి ఊరేగింపు వరస ఈ శిల్పికి ఎలా తెలుసునని అడగబోయి మింగేశాడు. "నిజమే, అలాగే బాగుంటుంది" అని బంట్లను కేకేశాడు.

బంట్లు మోసుకొచ్చిన అన్న బొమ్మను చూసినప్పుడు కేతకి అద్దం చాటుకు తిరగవలసి వచ్చింది. చేయి కడుక్కుంటూ ఆగిపోయిన భంగిమ. వేళ్ళ చివర కారుతున్న నీటిబొట్లు కూడా కొయ్యవే. పెదవుల మీద అతిథి మర్యాదకు నవ్విన నవ్వు అలాగే ఉంది.

"ఏడవమాకండి చిన్నమ్మగారూ" అన్నాడు గండయ్య గొణుగుతూ. "మీసం తడిస్తే మనిద్దరి పనీ అయిపోద్ది."

మధ్యాహ్నమైంది. బాకాలు ఊదారు. లోబడిన దేశాల రాయబారులు తలలు వంచుకుని వచ్చి మంటపం చుట్టూ నిలబడ్డారు. తమ తమ దేవుళ్ళ ముందే నిలబడి, వాటివైపు చూడకుండా ఉండటానికి వాళ్ళు పడే అవస్థ చూడటానికే కరాళదత్తుడు ఏటా వాళ్ళను పిలిపించేవాడు. ఆ వెనకే అతడూ వచ్చాడు. నిలువెత్తు మనిషి, నల్ల పట్టు అంగీ, చేతిలో పాముతల మంత్రదండం. అతని పక్కనే మొసలిముక్కు శిరస్త్రాణం పెట్టుకున్న సేనాని.

"నువ్వేనా శిల్పివి? చెయ్యి చూపు" అన్నాడు కరాళదత్తుడు.

కేతకి అరచేయి చాపింది. కత్తి పిడి పట్టి కాయలు కాసిన చెయ్యి అది. ఉలి పట్టినా అక్కడే కాయలు కాస్తాయి. మాంత్రికుడు తల పంకించాడు.

"ఆ అద్దం దేనికి?"

"తొలిచూపు పట్టడానికి, ప్రభూ."

"అవతల పారెయ్. ఆ చూపు నాది" అని అతడు వచ్చి శశికేతుడి బొమ్మకు ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అద్దం లేనిదే చెయ్యలేవా?"

"చేతికి అలవాటే" అంది కేతకి.

ఆమె రెండు బొమ్మల వెనకా, మధ్యగా నిలబడింది. పక్కనే కుంపటి రాజేసి ఉంది. అందులో ఇనపశలాక ఎర్రగా కాలుతోంది. ఉలి పదును పెట్టుకోవడానికి కాబోలని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది మరొకటి జరిగింది. కుంపటి సెగకు తుమ్మజిగురు మెత్తబడి, ఆ మహత్తరమైన మీసం కుడి కొన నెమ్మదిగా ఊడి, పెదవి మీద నుంచి గడ్డం మీదికి వేలాడింది.

సేనాని కళ్ళు చిట్లించాడు. 

సరిగ్గా అప్పుడే వటుకభట్టు ధూపకలశం పట్టుకుని చరచరా మంటపం ఎక్కాడు. "ప్రభూ, శుభకార్యానికి ముందు ధూపం వెయ్యడం మరిచాను, మన్నించాలి" అంటూ గుప్పెడు సాంబ్రాణి ఒక్కసారిగా కుమ్మరించాడు. శిల్పి ముఖం కనపడనంత పొగ లేచింది. ఆ పొగలో ముసలాయన ఆమె చెవిలో, "మీసం సంగతి తర్వాత చూసుకోవచ్చు తల్లీ. ముందు పని కానివ్వు" అన్నాడు.

గవాక్షంలోంచి దిగిన వెలుగుచార పాకుతూ వచ్చి రాజు బొమ్మ నుదుటి మీద వాలింది.

పొగ ఇంకా విడవకముందే కేతకి గొంతెత్తింది. "తొలిచూపు. ఎదుట ఉన్నవాళ్ళు తప్పుకోండి."

ఆ మాట వినగానే రాయబారుల్లో కలకలం పుట్టింది. గుడీ జాతరా ఉన్న ప్రతి దేశంలోనూ ఆ కేక ఎరిగినదే. చిన్నప్పుడు తల్లులు చెయ్యి పట్టుకుని పక్కకు లాగిన జ్ఞాపకం అందరికీ ఉంది. వాళ్ళు గబగబా జరిగి మంటపం ఎదుటి జాగా అంతా ఖాళీ చేశారు.

"తొలిచూపు. తప్పుకోండి."

సేనాని కూడా ఎందుకైనా మంచిదని నాలుగడుగులు పక్కకు వేశాడు.

"తొలిచూపు. ఎంతటివారైనా సరే, తప్పుకోండి." మూడోసారి ఆమె నేరుగా కరాళదత్తుడి కళ్ళలోకి చూస్తూ అంది. "తమరితోనే మనవి చేస్తున్నాను ప్రభూ. తర్వాత చెప్పలేదనవద్దు."

కరాళదత్తుడు పగలబడి నవ్వాడు. "వెర్రి శిల్పీ, నీ కేకలకి కూలివాళ్ళు జడుస్తారు. కోరి వచ్చిన ఆయుష్షుని ఎవడైనా తప్పుకుంటాడా? కానియ్."

కేతకి ఎడమచేతిలోకి ఉలి తీసుకుంది. కుడిచేత్తో కుంపటిలోంచి శలాక లాగింది. అన్న బొమ్మవైపు ఒక్క అడుగు వేసినట్టే వేసి గిరుక్కున తిరిగి, సింహం జూలు మీదుగా చెయ్యి చాచి, కాలే శలాకను ఎడమ కంటికి ఆనించింది. చూడకుండానే ఆనించింది. అది తను పాడుచేసిన కన్ను, ఆ కాస్త పెద్ద కన్ను, చీకట్లో నిద్రలేపి అడిగినా ఎక్కడుందో చెప్పగల కన్ను. లక్క చుయ్యిమని కరిగి చెంప మీదికి కారింది. వెంటనే కుడి కన్ను.

కరాళదత్తుడి నవ్వు సగంలో తెగింది. రాజు బొమ్మకు ఎదురుగా నిలబడితే, కుడివైపు తల తిప్పిన సింహానికి కూడా ఎదురుగానే నిలబడ్డట్టని అప్పుడు తెలిసింది అతనికి. దండం ఎత్తబోయాడు. ఇన్నాళ్ళ చీకటి తర్వాత సింహం కళ్ళు విప్పి తొలిచూపు చూసింది, నిండుగా అతన్నే చూసింది.

పాముతల దండం భగ్గున మండి బూడిదైంది. దండం బూడిద కాగానే అందులో దాగిన మాయంతా తిరిగి తన యజమానికే తగిలింది. కాళ్ళ నుంచి మొదలై, నడుము, రొమ్ము, మెడ దాకా అతని ఒళ్ళు పటపటా కొయ్యబారింది. ఆఖరికి ముఖం కూడా. శిల్పం అనడానికి లేదు, చెక్కుడు సరిగా లేని ఉత్త మొద్దు. దానికి కళ్ళు కూడా లేవు.

 వటుకభట్టు మొద్దు దగ్గరికి వెళ్ళి, భుజాన ఉన్న తడిగుడ్డతో అలవాటు కొద్దీ ఒకసారి తుడిచాడు.

"రాగిరేకు మీద ఏమని రాయించమంటావు తల్లీ?" అన్నాడు.

రాయబారుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి శాలంతా మారుమోగింది. ఏళ్ళ తరబడి ఆ గోడల మధ్య కరాళదత్తుడు తప్ప ఎవరూ నవ్వలేదు. కేతకి మాత్రం నవ్వట్లేదు. ఆమె అన్న చేతిని పట్టుకుని నిలబడి ఉంది. కొయ్య వేళ్ళ చివరి నీటిబొట్టు నిజం నీటిబొట్టై ఆమె మణికట్టు మీద పడింది.

"చెల్లీ" అన్నాడు శశికేతుడు. "నువ్వేనా? ఎంతసేపు నిద్రపోయాను? అంతా చీకటిగా ఉందేం?"

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ మరుక్షణమే గుర్తొచ్చింది. అన్న కూడా ఇన్నాళ్ళూ బొమ్మే. ఆ రెప్పలు విప్పితే పడేదీ తొలిచూపే.

"తెరవకు అన్నయ్యా, కళ్ళు తెరవకు" అని అరచేత్తో అతని కళ్ళు మూసి, "గండన్నా, అద్దం" అంది.

సమాధానంగా ఫెళ్ళుమని చప్పుడైంది. కత్తి దూసి మీదికి వస్తున్న సేనాని నెత్తిన గండయ్య ఆ అద్దాన్ని బలంకొద్దీ మోదాడు. సేనాని మొసలిముక్కుతో సహా నేల కరిచాడు. అద్దం వెయ్యి ముక్కలైంది.

"అడగడం ఒక్క క్షణం ఆలస్యం చేశారు చిన్నమ్మగారూ" అన్నాడు గండయ్య చిన్నబోయి.

కేతకి తలపాగా విప్పి అన్న కళ్ళకు గంతలు కట్టింది. బయట కొయ్యభటులు దబ్బున కూలిన చప్పుడు, వెనువెంటనే వందల అడుగుల చప్పుడు వినిపించాయి. కోట సైన్యం మేలుకుంది. ఆమె గోడ మీద వరసగా ఉన్న లక్క కళ్ళ వంక చూసి తటపటాయించింది.

వటుకభట్టుకు ఆ చూపు అర్థమైంది. "వీటిని నువ్వు తెరవకూడదు తల్లీ. ఎవరి ఊరి దేవుడికి ఆ ఊరి చెయ్యే తెరవాలి. రాయబారులందరూ ఇక్కడే ఉన్నారు, తలుపులు మేం కాస్తాం. నువ్వు సైన్యంతో తిరిగి వచ్చేదాకా రోజూ నేనే తుడుస్తుంటాను" అన్నాడు. ఏటితల్లి ముఖాన్ని గోడ మీంచి దించి గుండెలకు హత్తుకున్నాడు. "ఇవాళ్టి నుంచి మొక్కుతాను కూడా."

సింహం ఒళ్ళు విరుచుకుంది. ఎండిన మద్దికొయ్య కండలై కదిలింది, చెక్కిన జ్వాలలు జూలై ఎగిరాయి. వెన్నెల చూపుతో కేతకిని ఒకసారి ఎగాదిగా చూసి మోకాళ్ళ మీద వంగింది. అన్నను ముందు కూర్చోబెట్టి ఆమె వెనక ఎక్కింది. ఆమె వెనక గండయ్య ఎక్కగానే సింహం ఒకసారి మూలిగింది.

ఒక్క దూకులో మంటపం, రెండో దూకులో గుమ్మం దాటింది. మెట్ల మీద బారులు తీరిన బల్లెగాళ్ళు చెల్లాచెదురయ్యారు. రాజవీధి వెంట, విజయోత్సవానికి కట్టిన తోరణాలు తెంచుకుంటూ, బాణాలు జూలులో గుచ్చుకుంటున్నా లెక్కచెయ్యకుండా సింహం పరుగెత్తింది. మేడల మీది జనం మొదట భయపడి, తర్వాత అది విజయశాల సింహమని గుర్తుపట్టి, ఆఖరికి చప్పట్లు కొట్టారు. వెనక ఆశ్వికులు తరుముకొస్తున్నారు. ఎదుట కోట ముఖద్వారం ఇనపతలుపులు ధడాలుమని మూసుకున్నాయి. ఏనుగులు కుమ్మినా పగలని తలుపులవి. వాటి ముందు కాపలావాళ్ళు బల్లేలు ఎక్కుపెట్టి నిలబడ్డారు.

"ఎందుకాగాం?" అన్నాడు శశికేతుడు.

"తలుపులు వేసేశారు."

"నేను కళ్ళు తెరుద్దామంటే అద్దం లేదుగా" అన్నాడు అతడు.

"లేదు" అంది కేతకి. ఆమె గొంతులో నవ్వు వినిపించి శశికేతుడు ఆశ్చర్యపోయాడు. "అద్దం అక్కర్లేదు."

ఆమె సింహం వీపు మీద లేచి నిలబడింది. "తొలిచూపు. ఎదుట ఉన్నవాళ్ళు తప్పుకోండి."

కాపలావాళ్ళలో సగం మంది ఓడిపోయిన దేశాల బిడ్డలే, పొట్టకోసం ఆ కొలువులో చేరినవాళ్ళు. రెండో కేకకే బల్లేలు పారేసి పక్కకు ఉరికారు. మూడో కేకకు మిగిలినవాళ్ళు కూడా, ఎందుకో తెలియకపోయినా, వాళ్ళ వెంట పరుగు తీశారు. తలుపుల ముందు చీమ కూడా లేదని చూసుకుని కేతకి వంగి గంతలు విప్పింది.

"ఇప్పుడు చూడు అన్నయ్యా."

శశికేతుడు కళ్ళు తెరిచాడు. ఇనపతలుపులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత తెల్లబడ్డాయి, తర్వాత గడియలతో సహా కరిగి, వేడిగా, నెమ్మదిగా నేల మీదికి జారిపోయాయి. అవతల పచ్చటి మైదానం, దాని వెనక నీలంగా పాలవెల్లి కొండలు కనిపించాయి. తన రాజ్యాన్ని అలా ఒక్క క్షణం కళ్ళారా చూసుకుని, అతడు తల వెనక్కి తిప్పాడు. రెండో చూపు చెల్లెలి మీద పడింది. వెన్నెలంత చల్లగా పడింది.

"అన్నీ సరేగానీ, ఆ మీసం సగమే ఉందేం?" అన్నాడు.

కేతకి అన్న భుజం మీద తల వాల్చి అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి, సంతోషంగా ఏడ్చింది. గండయ్య కూడా ఏడ్చాడు, ఆకలికో ఆనందానికో మనకు తెలియదు. వెనక గుర్రాల డెక్కల చప్పుడు మీదికి వచ్చేసింది. ఎదుట కందకం మీది వంతెనను అవతలి ఒడ్డునుంచి గొలుసులతో పైకి లాగేస్తున్నారు. అడుగున మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"గట్టిగా పట్టుకోండి" అన్నాడు శశికేతుడు, జూలు రెండు చేతులా బిగించి. కరిగిన తలుపుల మీంచి, లేచిపోతున్న వంతెన వైపు, సింహం గర్జించి దూకింది.